లలిత కళ, అనువర్తిత కళ: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతుంటాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం మా ఇంటి గుమ్మం ముందు చెప్పులు ఎక్కువవుతాయి. వచ్చినవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు వీలైనంత వరకు మన చుట్టుపక్కలవే తీసుకున్నాను.

లలిత కళకూ అనువర్తిత కళకూ తేడా క్లుప్తంగా చెప్పండి.

చూడటానికీ, వినడానికీ, మనసుతో అనుభవించడానికీ మాత్రమే చేసింది లలిత కళ, ఇంగ్లీషులో ఫైన్ ఆర్ట్. మరో పని నెరవేరడం కోసం కళను వాడుకుంటే అది అనువర్తిత కళ, అంటే అప్లైడ్ ఆర్ట్. గోడకు తగిలించిన చిత్రం ఇంట్లో ఏ పనీ చేయదు, దాని ముందు ఎవరైనా నిలబడి చూస్తే చాలు. అగరుబత్తి డబ్బా మీది బొమ్మ మాత్రం ఆ డబ్బాను అమ్మిపెట్టాలి. పెళ్లిపత్రిక ముహూర్తం ఎప్పుడో చెప్పాలి. ముహూర్తం వేళ కనిపించకుండా పూలూ లతలూ కమ్మేసిన పెళ్లిపత్రిక ఎంత అందంగా ఉన్నా ఏమి లాభం?

నా మటుకు నాకు ఇంకో కొలత ఉంది. ‘ఇది కుదిరింది, ఇక చాలు’ అనే హక్కు ఎవరికి ఉందో చూడండి. లలిత కళలో ఆ మాట వేసినవారిదే. అనువర్తిత కళలో ఆ మాట పని అప్పగించినవారిదీ, చివరికి దాన్ని వాడేవారిదీ. అందం ఎంత, నైపుణ్యం ఎంత, ధర ఎంత అన్నవి ఈ లెక్కలోకి రావు.

మామూలుగా చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నృత్యం, కవిత్వం మొదటి వైపు ఉంటాయి. ప్రకటనలు, పోస్టర్లు, పుస్తకాల అట్టలు, అక్షరాల రూపకల్పన, వస్తువుల ప్యాకింగ్, బట్టల మీది డిజైన్లు రెండో వైపు.

ఈ విభజన మనదేనా?

కాదు. 1746లో ఫ్రాన్సులో షార్ల్ బాతో అనే పండితుడు ఆనందం కోసం పుట్టినవని సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యాలను ఒక గూటిలో పెట్టాడు. అవసరం కోసం పుట్టిన వృత్తులను వేరే గూటిలో పెట్టాడు. భవన నిర్మాణమూ వక్తృత్వమూ ఎటూ ఇమడకపోయేసరికి వాటి కోసం మూడో గూడు కట్టాల్సివచ్చింది. మూడో గూడు అవసరం పడిందంటేనే గీత ఎంత గట్టిదో తెలుస్తోంది.

మన చతుష్షష్టి కళల జాబితా ఇలాంటి పట్టింపులేమీ పెట్టుకోలేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగింటిలో పాట, నాట్యం, చిత్రలేఖనం పక్కనే దండలు గుచ్చడం, కుట్టుపని, వంట, వడ్రంగం ఉన్నాయి. చిలకలకూ గోరింకలకూ మాటలు నేర్పడం ఉంది, కోళ్ల పందెం కూడా ఉంది! ఏది గొప్ప, ఏది తక్కువ అన్న వరుస ఆ జాబితాలో కనిపించదు. వేరు వేరు తరగతి గదుల్లో కూర్చోబెట్టే పద్ధతి బ్రిటిష్ పాలనలో 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో మొదలైన కళా పాఠశాలలతో పాటు వచ్చింది.

రామప్ప గుడి ఏ కోవలోకి వస్తుంది?

గుడి మొత్తాన్ని ఒకే గాటన కట్టేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అడుగు నుంచి పైకి చూసుకుంటూ వెళ్దాం.

పునాదిలో ఇసుక నింపారు. భూమి కదిలినా కట్టడం తట్టుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది. పైన శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి, కింది రాతి కట్టడం మీద భారం తగ్గించడానికి. ఈ రెండూ పనికోసం చేసినవేనని ఎవరైనా ఒప్పుకుంటారు. అధిష్ఠానం (గుడి పీఠం) మీద వరసగా నడిచే ఏనుగులు కట్టడానికి అలంకారం. ఇక్కడి వరకు చిక్కేమీ లేదు.

ఇప్పుడు తల పైకెత్తి చూరు కింద మదనికలను, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీల శిల్పాలను చూడండి. గుడి ఎర్రటి ఇసుకరాతిది, ఈ బొమ్మలు నల్లటి రాతివి. స్తంభం పైభాగం నుంచి చూరు బండ వైపు ఏటవాలుగా, కొమ్మ మీంచి ముందుకు వంగినట్టుగా ఉంటాయి. ఒకతె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి, గైడ్లు ముందుగా చూపించేది ఆమెనే. ఒకతె ఒంటిని పాము చుట్టుకుని ఉంది. మెడలోని హారాల పూసలు ఒక్కొక్కటీ విడిగా తెలుస్తాయి. వాళ్లను నిలబెట్టిన చోటు చూస్తే చూరుకు ఊతంగా పెట్టిన బోదెలు అనుకోవాలి. కానీ బండల భారం ప్రధానంగా మోస్తున్నవి స్తంభాలూ దూలాలే. ఈ స్త్రీలు మోస్తున్నట్టు నటిస్తున్నారు, అదీ నాట్యం చేస్తూ. ఊతం పెట్టాల్సిన చోటు దొరికిందని శిల్పి దాన్ని సాకుగా తీసుకుని తనకు కావలసింది చెక్కేశాడనిపిస్తుంది నాకు. అనువర్తిత కళ పేరు మీద లలిత కళ సాగిన చోటు ఇది.

పాలకుడి పేరుతోనో దేవుడి పేరుతోనో కాక, శిల్పి పేరుతో జనం పిలుచుకునే గుడి ఇదని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వంలో తప్పేమీ లేదు.

ఒకే వస్తువు కాలాన్ని బట్టి అటు నుంచి ఇటు మారుతుందా?

భేషుగ్గా మారుతుంది. వరంగల్ కోటలోని తోరణాలే సాక్ష్యం. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా కట్టిన ద్వారాలు అవి. లోపలికి వెళ్లడానికి దారి చూపడం వాటి పని. గుడి కూలిపోయింది, తోరణాలు మిగిలాయి. ఇప్పుడు వాటి గుండా వెళ్తే చేరేచోటు ఏదీ లేదు, కాబట్టి వాటినే చూస్తూ నిలబడతాం. అంటే పని పోయి చూపు మిగిలింది. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ రాజముద్రలోకి ఆ తోరణం చార్మినార్‌తో పాటు చేరింది. ఇప్పుడది ప్రభుత్వ కాగితాల మీద గుర్తుగా ఉద్యోగం చేస్తోంది. ద్వారం శిల్పమైంది, శిల్పం మళ్లీ ముద్ర అయింది.

పేరిణి నృత్యం కథా అలాంటిదే. యుద్ధానికి వెళ్లే ముందు వీరులు ఆడేవారని చెప్పే ఆ తాండవాన్ని, గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప రాసిన నృత్తరత్నావళినీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ మళ్లీ వేదిక మీదికి తెచ్చారు. ఇప్పుడు పేరిణి చూసి ఎవరూ యుద్ధానికి వెళ్లరు, చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్తారు.

చేర్యాల పటం లలిత కళేనా?

ఇన్ని ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

ఇప్పుడు ఇళ్లలో చూసే చేర్యాల చిత్రం అద్దం వెనక, చట్రంలో ఉంటుంది. కానీ పటం గోడ కోసం పుట్టలేదు. కథ చెప్పడానికి పుట్టింది. మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉండే బట్టను కథకుడు పైనుంచి కిందికి వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ ఒక్కో గడి చూపిస్తూ రాత్రంతా పాడేవాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకి పడగలవాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథా, ఒక్కో పటమూ. వేయించుకునేది కథకుడు, వేసేది నకాషీ అని పిలిచే చిత్రకారుడు. ఎవరు ముందు రావాలో, ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో ముందే ఖాయం. నకాషీ తన ఇష్టం వచ్చినట్టు వరుస మారిస్తే అక్కడ పాట ఆగిపోతుంది. నేను మొదట చెప్పిన కొలత ప్రకారం ఇది పక్కా అనువర్తిత కళ.

అయితే తయారీ చూస్తే ఆ ముద్ర వేయడానికి చెయ్యి రాదు. ఖాదీ బట్టకు గంజి, సుద్ద మట్టి, చింతగింజల జిగురు, తిరుమణి బంక కలిపిన పూత పూస్తారు. ఆరాక మళ్లీ, ఆరాక మళ్లీ. చివరికి బట్ట గుడ్డలా కాక నునుపైన అట్టలా తయారవుతుంది. దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో సరాసరి గీత. వెనకంతా ఇంగిలీకం ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు పచ్చ ముఖమో, నీలి ఒళ్లో పెట్టగానే కళ్లన్నీ దాని మీదే పడతాయి. దీపం వెలుతురులో, దూరంగా నేల మీద కూర్చున్నవాళ్లకు కనిపించాలి కదా, అందుకని పెద్ద కళ్లు, గట్టి అంచు గీతలు. అవసరం నుంచే ఆ శైలి పుట్టింది, ఆ శైలి చూసే ఇప్పుడు మనం డబ్బు పెట్టి కొంటున్నాం.

కథ వినేవాళ్లు తగ్గిపోయాక చేర్యాల నకాషీలు పటాన్ని గడులుగా విడగొట్టారు. ఒక్కో గడీ ఒక్కో చిత్రం అయింది. రాత్రంతా నడిచే కథలో ఒక క్షణం మాత్రం గోడకెక్కింది. ఇప్పుడు అది చూడటానికే ఉంది కాబట్టి లలిత కళే అంటాను. అదే ఇంట్లో, అదే చేత్తో, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి చేసే ముఖాల బొమ్మలు తాళంచెవుల కొక్కేలకూ, పెన్నుల డబ్బాలకూ అతికిస్తున్నారు. అవి అనువర్తితం. చేసేవారికి ఈ తేడా పట్టదు, సాయంత్రానికి ఎన్ని అయ్యాయన్నదే వాళ్ల లెక్క.

మరి నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ ఫిలిగ్రీ, వరంగల్ దర్రీలు? అవి హస్తకళలు కదా?

హస్తకళ అన్నది ఎలా చేశారో చెప్పే మాట. అనువర్తిత కళ అన్నది ఎందుకు చేశారో చెప్పే మాట. రెండూ ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద నేసిన దర్రీ చేతిపని, కింద పరుచుకునే వస్తువు కూడా. ఆ నమూనాను కంప్యూటర్‌లో గీసి మిల్లులో నేయిస్తే అనువర్తిత కళే గానీ హస్తకళ కాదు. పునికి కర్రతో చేసిన నిర్మల్ పండ్ల బుట్టలో పండ్లు తినడానికి పనికిరావు, బుట్ట మోయడానికి పనికిరాదు. చూడటానికే ఉంది, అయినా దాన్ని హస్తకళల దుకాణంలోనే అమ్ముతారు. ఎందుకంటే ఒకే నమూనాలో వేల సంఖ్యలో చేస్తారు.

పెంబర్తి పనివారు ఇత్తడి రేకును వెనక నుంచి చిన్న దెబ్బలతో కొడుతూ ముందువైపు బొమ్మ ఉబికేలా చేస్తారు. ఒకప్పుడు గుడి వాహనాలకూ మకర తోరణాలకూ ఆ రేకులు తొడిగేవారు, నిజాముల కాలంలో పాన్‌దాన్‌లు చేశారు, ఇప్పుడు సన్మాన సభల జ్ఞాపికలు చేస్తున్నారు. కరీంనగర్ వెండి తీగల పనిదీ ఇంచుమించు అదే దారి.

బతుకమ్మ పేర్చడం?

పూజకు పేరుస్తాం కాబట్టి దానికో పని ఉంది. కానీ తంగేడు వరుస మీద గునుగు పూలకు ఏ రంగు అద్దాలి, ఎక్కడ బంతిపూలతో వరుస మార్చాలి అని ఒక గంట ఆలోచించే అక్కచెల్లెళ్లను చూస్తే, ఆ పని మాత్రం వంకే అనిపిస్తుంది. రాత్రికి చెరువులో వదిలేస్తారని తెలిసి కూడా పక్కింటివాళ్లకంటే ఎత్తుగా, అందంగా పేర్చాలనే పట్టుదలకు ఏ పేరు పెడతారో మీ ఇష్టం.

పెళ్లి ఇంటి గోడ మీద పేర్లు రాసే పెయింటర్ కళాకారుడా? ఫ్లెక్సీ చేసేవారు?

ఇద్దరూ చేసేది అనువర్తిత కళే. పెళ్లికి ముందు గుమ్మానికి అటూ ఇటూ ఏనుగులో కలశాలో వేసి, వధూవరుల పేర్లు, తేదీ రాసే పెయింటర్ పనిని ఒకసారి దగ్గరగా చూడండి. ‘శ్రీ’లో మొదటి వంపు ఎంత లావుగా మొదలై ఎంత సన్నగా తేలుతుందో, గోడ గరుకుగా ఉన్నచోట కుంచెను ఎలా పడుకోబెడతాడో. తెలుగు అక్షరాల గుండ్రదనం ఎలా పట్టుకోవాలో నేను మా పిల్లలకు అలాంటి గోడలే చూపించి చెబుతాను.

ఫ్లెక్సీ వచ్చి ఆ చేతిని పక్కకు నెట్టింది. ఫ్లెక్సీ తప్పు కాదు గానీ, ముప్పై మంది నాయకుల ముఖాలను ఒకే బోర్డులో ఇరికించి, నాలుగు రకాల అక్షరాలు వాడి, చివరికి కార్యక్రమం ఎప్పుడో ఎక్కడో కనబడకుండా చేస్తున్నవి కోకొల్లలు. అది కళ కాకపోవడం వల్ల కాదు, పని నెరవేరకపోవడం వల్ల చెడ్డ అనువర్తిత కళ.

అనువర్తిత కళ రెండో తరగతిదా?

కాదు. ఆ చిన్నచూపు గీతతో పాటే వచ్చింది. ఇంగ్లండులో విలియం మోరిస్ పందొమ్మిదో శతాబ్దంలోనే గోడ కాగితాలూ పరదాలూ గీసి ఈ చిన్నచూపును ఎదిరించాడు. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ పాఠశాల చిత్రకారులనూ వడ్రంగులనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టింది. మన నకాషీలకు ఆ కప్పు ఎప్పుడూ ఉంది.

ఒకరే రెండూ చేయవచ్చా?

మన ప్రాంతపు పెద్ద చిత్రకారుల్లో చాలామంది అదే చేశారు. కరీంనగర్ జిల్లా అన్నవరంలో 1915లో పుట్టిన పాకాల తిరుమల్ రెడ్డి బొంబాయిలో చిత్రకళ చదివి, కొంతకాలం ఫర్నిచర్ తయారీ కూడా చేశారు. మెదక్ ప్రాంతం నుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా ఉద్యోగం చేస్తూనే తన రేఖాచిత్రాలూ ఎచింగులూ (లోహపు పలక మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) వేశారు. నుదుట పెద్ద బొట్టు, ఎర్ర చీర కట్టిన తెలంగాణ స్త్రీలను గీసే తోట వైకుంఠం ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ పురస్కారం అందుకున్నారు. సినిమా సెట్టు కథ కోసం వేసేది, అంటే అనువర్తితం. ఉద్యోగం పగటిపూట, సొంత బొమ్మలు రాత్రిపూట అన్న ఒప్పందం చాలామంది జీవితాల్లో కుదిరింది. అందరికీ కుదరదు, అది వేరే సంగతి.

ఫొటో, కంప్యూటర్‌లో వేసిన బొమ్మ లలిత కళ అవుతాయా?

పనిముట్టును బట్టి కాదు, ఉద్దేశాన్ని బట్టి చూడాలి. ఆధార్ కార్డుకు తీసినది ఒక ఫొటో. పాకాల చెరువు ఒడ్డున మంచులో తీసినది మరో ఫొటో. కెమెరా ఒకటే కావచ్చు.

మా పాప ఇంటర్ పూర్తి చేసింది. బీఎఫ్ఏలో పెయింటింగ్ తీసుకోవాలా, అప్లైడ్ ఆర్ట్ తీసుకోవాలా?

బీఎఫ్ఏ అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, నాలుగేళ్ల డిగ్రీ కోర్సు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ వంటి విభాగాలున్నాయి, చేరడానికి ప్రవేశ పరీక్ష రాయాలి. విశ్వవిద్యాలయం పేరులో ఫైన్ ఆర్ట్స్ అని ఉంది కాబట్టి అప్లైడ్ ఆర్ట్ అక్కడ ఉండదేమో అని అడిగేవాళ్లున్నారు. ఉంటుంది.

తల్లిదండ్రుల అసలు ప్రశ్న ‘పెయింటింగ్ అన్నం పెడుతుందా’ అని. అప్లైడ్ ఆర్ట్ చదివినవారికి ప్రకటనల సంస్థల్లో, పత్రికల్లో, ప్యాకింగ్, వెబ్ రూపకల్పనల్లో నెల జీతం ఉద్యోగాలు త్వరగా దొరుకుతాయన్నది నిజమే. పెయింటింగ్ వారు ఎక్కువగా బోధన వైపు వెళ్తారు, లేదా కొన్నేళ్లు ఓపిక పట్టి ప్రదర్శనల్లో నిలదొక్కుకుంటారు. కానీ జీతం ఒక్కటే చూసి విభాగం ఎంచకండి. ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఉంది. మీకు తెలిసినవారి కిరాణా దుకాణానికి ఒక బోర్డు గీయమనండి. తెచ్చాక మార్పులు చెప్పండి: పేరు పెద్దది చేయి, ఈ రంగు వద్దు, ఫోను నంబరు కలుపు. మళ్లీ తెచ్చాక ఇంకొన్ని చెప్పండి. ప్రతిసారీ ‘అవును, అలా చేస్తే దూరం నుంచి కనిపిస్తుంది’ అంటూ హుషారుగా కూర్చుంటే అప్లైడ్ ఆర్ట్ అమ్మాయికి సరిపోతుంది. రెండో మార్పుకే మొహం మాడ్చుకుని, గదిలోకి పోయి తనకు నచ్చిన చెట్టేదో గీసుకుంటుంటే ఆ పిల్లను పెయింటింగ్‌లో చేర్చండి. బలవంతంగా అటు తోస్తే నాలుగేళ్లూ మీకూ తనకూ తలనొప్పే.

ఏ విభాగమైనా రేఖ మీద పట్టు లేకపోతే నడవదు. సాఫ్ట్‌వేర్ వస్తే చాలు, చేత్తో గీయడం ఎందుకు అనే పిల్లలు మొదటి సంవత్సరంలోనే తడబడతారు.

చట్టం ఈ తేడాను గుర్తిస్తుందా? నా బొమ్మను చీరల మీద అచ్చు వేస్తే?

గుర్తిస్తుంది, అదీ డబ్బు దగ్గర. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు వేసిన చిత్రం మీద హక్కు మీ జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. చిత్రం గొప్పదా కాదా అని చట్టం అడగదు. కానీ వస్తువుల మీద వేయడానికి గీసిన డిజైన్ సంగతి వేరు. 2000 సంవత్సరం నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోగలిగి ఉండి కూడా చేయించకుండా, ఆ డిజైన్ ఉన్న వస్తువును మీరు గానీ మీ అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువసార్లు తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. నమోదు చేయిస్తే 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ. మీ బొమ్మ చిత్రమా, డిజైనా అన్న దాని మీదే కోర్టుల్లో వాదనలు నడుస్తుంటాయి. కాబట్టి చీరలవారికి ఇచ్చే ముందే వకీలును అడిగి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

ఉద్యోగంలో చేరే పిల్లలకు ఇంకో మాట. ఉద్యోగ బాధ్యతలో భాగంగా గీసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. సొంత బొమ్మలు ఇంట్లో, సొంత కాగితం మీద గీసుకోండి.

చేర్యాల, నిర్మల్, పెంబర్తి, కరీంనగర్ ఫిలిగ్రీ వంటి వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, వరంగల్ దర్రీలకు 2018లో వచ్చింది. అది ఒక మనిషి హక్కు కాదు, ఆ ఊరి పనివారందరి ఉమ్మడి పేరుకు రక్షణ.

రెండు రకాలూ కళ్లారా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, అక్కడి నుంచి వరంగల్ కోట, మధ్యాహ్నం కొత్తవాడ దర్రీలు. ఇవి ఒక రోజు పని. రామప్పకు వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, మరో రోజు పెట్టుకోండి. పెంబర్తి హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దగ్గరే ఉంది కాబట్టి వెళ్తూ వస్తూ దిగవచ్చు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడ నకాషీల ఇళ్లే పనిచోట్లు కాబట్టి ముందుగా కబురు చేసి వెళ్లడం మర్యాద. కొనకపోయినా ఓపికగా చూపిస్తారు. పిల్లలను తీసుకెళ్తే మాత్రం పూత పూసి ఆరబెట్టిన బట్టల మీద చేతులు పెట్టనీయకండి.